అటవీ పరిశ్రమలలో నాలుగవ పొత్తుదారు

అడవికి దూరముగా బ్రదుకువారి యింటిలోనే అడవి సరకు హెచ్చుగా నుండుట లోకములోని విచిత్రములలో నొకటి. ఉదయమున దేవుని యెదుట వెలిగించు అగరువత్తిలోని పుల్ల వెదురు. పిల్లవాని చేతిలోని నోటుపుస్తకము యూకలిప్టసు, సుబాబులు, వెదురుల గుజ్జు. పెండ్లిపంక్తిలో వేయు విస్తరి అడ్డాకు. బీరువాకు బిగించిన ప్లైవుడ్డు పలుచని కఱ్ఱపొరలను జిగురుతో నతికించిన పలక. ముసలివారి కట్టుడుపండ్లు చిగుళ్లకు అంటి నిలుచుటకై వేయు పొడిలో సైత మొక యడవిచెట్టు జిగురు కలదు. హైదరాబాదు నగరపు దక్షిణపు టంచున, చెఱువునొద్ద వెలసిన జల్‌పల్లిలో, మా యెదుట గూర్చుండి పాఠము వినెడి బాలబాలికలలో అడవిని కన్నులార జూచినవారు మిక్కిలి తక్కువ. అయినను అడవి సరకు ముట్టకుండ గడచిన దిన మొక్కటియు వారికి లేదు.

ఈ సరకు తనంతట తాను మన యిండ్లకు నడచి రాలేదు. వెదురు కాగితమగుటకు రసాయనశాస్త్రము కావలసెను. పలకలు వానకు విచ్చిపోకుండుటకు జిగురుల పరీక్షలు కావలసెను. చెట్టు చావకుండ దాని బంకను దీయుటకు చేతికి నేర్పు కావలసెను. శాస్త్రము వేఱు, చేతినేర్పు వేఱు. రెండును గూడినగాని పరిశ్రమ నిలువదు. ఈ రెండును ఏ యొక్కని ధనముతోనో, ఏ యొక్కని బుద్ధితోనో సమకూరినవి కావు. పొత్తువలననే సమకూరినవి. ప్రభుత్వ మొక పాలు, యంత్రశాలాధిపతి యొక పాలు, శాస్త్రజ్ఞు డొక పాలు పెట్టి నడపిన పొత్తుల చరిత్రయే మన దేశపు అటవీ పరిశ్రమల చరిత్ర యని చెప్పవచ్చును.

కాని యీ పొత్తులో నాలుగవవా డొకడు గలడు. వాడు గొడ్డలియో కత్తియో బుజముమీద వైచికొని చెట్టునొద్దకు బోవువాడు. చిరకాలము వానిని కూలివానిగనే లెక్కించిరి గాని పొత్తుదారుగ లెక్కింపలేదు. వాని నెచ్చట విడిచిరో అచ్చట అడవియు తఱిగెను, పరిశ్రమయు నష్టపడెను. వాని నెచ్చట చేర్చుకొనిరో అచ్చట రెండును కొంత తేఱుకొనెను. ఇది మా యూహ కాదు, చరిత్ర చెప్పుచున్న మాట. ఆ చరిత్రను మన తెలుగునాటి నిదర్శనములతో నిచ్చట విన్నవింప దలచితిమి.

మన దేశమున అటవీవిద్యకు తొలి పాఠశాల 1878లో డెహ్రాడూనునం దేర్పడెను. హిందూదేశపు మొదటి అడవుల ఇనస్పెక్టరు జనరలు, జర్మను దేశీయుడు డీట్రిచ్ బ్రాండిస్ దీనికి మూలపురుషుడు. 1906లో అచ్చటనే అటవీ పరిశోధనాలయమును స్థాపించిరి. దక్షిణదేశమునకు 1912లో కోయంబత్తూరున నొక అటవీ కళాశాల వచ్చెను. ఈ విద్యాలయములు అధికారులను, రేంజర్లను తయారుచేసెను. చెట్ల నెట్లు లెక్కించవలెను, ఏ సంవత్సర మెంత నఱుకవలెను, ఏ నేల కే చెట్టు తగును, చట్టము నెట్లు నడపవలెను అనునవి వారి పాఠములు. రైలుదారులకు స్లీపరు కఱ్ఱలును, ఖజానాకు రాబడియు నాటి ముఖ్యావసరములు. కావున శిక్షణము అడవిని కాపాడు అధికారికి లభించెను గాని, అడవిలో పనిచేయు చేతికి లభింపలేదు. ఆ చేతికి నేర్పవలసినది గలదనియు, దానినుండి నేర్చుకొనవలసినది గలదనియు అప్పటివారికి దోచలేదు.

అయినను ఆ పరిశోధనాలయము చేసిన మేలును తక్కువగా జెప్పరాదు. వెదురునుండి కాగితము చేయుట నాడు చిక్కుసమస్యగ నుండెను. వెదురు గడ్డిజాతికి జెందినది. దాని కణుపులు గట్టివి, లోన పిండిపదార్థము గలది. అంతయు నొక్కమాఱే గాఢమైన క్షారములో నుడికించిన గుజ్జు నల్లబడి, తెలుపు చేయుటకు వ్యయము పెరుగును. విలియం రైట్ అను కాగితపు నిపుణుడు డెహ్రాడూనున ఏండ్లకొలది శ్రమించి, వెదురును ముందుగ నలుగగొట్టి, తేలిక క్షారముతో నొకమాఱు, గాఢమైన క్షారముతో మఱియొకమాఱు, రెండు దశలుగ నుడికించు పద్ధతిని రూపొందించెను. పిండిపదార్థము మొదటి దశలో పోవును. పోగులను బంధించు పదార్థము రెండవ దశలో కరగును. పిమ్మట 1925లో కేంద్ర శాసనసభ వెదురు కాగితపు పరిశ్రమకు రక్షణ చట్టమును జేసి, విదేశపు కాగితముపై సుంకమును హెచ్చించెను. శాస్త్రజ్ఞుడు మార్గమును గనిపెట్టెను, ప్రభుత్వము కంచె గట్టెను, ధనికుడు మిల్లు గట్టెను. మూడు పాళ్ల పొత్తు సంపూర్ణమయ్యెను.

ఈ పొత్తునకు మన నాట పుట్టిన సంతానములలో ముఖ్యమైనది సిర్పూరు కాగితపు మిల్లు. హైదరాబాదు సంస్థానమున 1929లో పారిశ్రామిక నిధి యొకటి యేర్పడెను. పరిశ్రమలకు ప్రభుత్వమే మూలధనములో భాగస్వామి యగుట దీని యుద్దేశము. ఆ యుత్సాహకాలమున 1938లో సిర్పూరు మిల్లు స్థాపితమై, 1942లో కాగితము తీయ నారంభించెను. ఆదిలాబాదు అడవుల వెదురు దానికి మేత. కొత్తపేట యను చిన్న గ్రామము మిల్లు మూలమున కాగజ్‌నగర మయ్యెను. తెలుగుపుస్తకములకును, కచ్చేరీ దస్త్రములకును, బడిపిల్లల పలకల స్థానమున వచ్చిన నోటుపుస్తకములకును ఆ యూరి కాగితము దోడ్పడినదను మాటను కృతజ్ఞతతో దలచుకొనవలసినదే.

కాని ఆ సంవత్సరములనే, ఆ జిల్లాలోనే, మఱియొక చరిత్ర నడచెను. పోడు వ్యవసాయమునుండియు, పూర్వులు కాపురమున్న యడవులనుండియు తొలగింపబడిన గోండులు కుమురం భీము నాయకత్వమున తిరుగబడిరి. 1940లో జోడేఘాటు కొండలలో ప్రభుత్వ బలగముల కాల్పులకు భీముడును, ఆయన యనుచరులును బలియైరి. మిల్లు స్థాపన యైన 1938కిని, మొదటి కాగితము వెలువడిన 1942కును నడుమ జరిగిన సంగతి యిది. మిల్లే యా కలహమునకు కారణమని మే మనము. కలహము వేళ్లు అంతకు ముందే అటవీ చట్టములలో నున్నవి. అయినను ఒకే యడవిని గూర్చి ఒకే కాలమున రెండు లెక్కలు నడచుచుండెనని మాత్రము చదువరులు గమనింప వలయును. ఒక లెక్కలో అడవి టన్నుల వెదురు. రెండవ లెక్కలో అడవి అన్నము, ఇల్లు, దేవత.

ఆ విషాదమునుండి యొక మంచి పుట్టెను. ఆస్ట్రియా దేశీయుడు హైమెండార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు నిజాము ప్రభుత్వపు కోరికపై గోండుల స్థితిని బరిశీలించెను. 1943లో మార్లవాయి గ్రామమున గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్ర మేర్పడి, గోండీ భాషలోనే వాచకములు తయారయ్యెను. ఉపాధ్యాయ వృత్తిలో నున్న మాకు ఈ సంగతి యెంతయు ప్రీతికరము. అడవి మనిషి కతని భాషలోనే చదువు చెప్పవచ్చుననియు, అతనినే గురువుగ జేయవచ్చుననియు మన దేశమున నెనుబదేండ్లకు పూర్వమే రుజువయ్యెను. కాగజ్‌నగరమును మార్లవాయియు ఒకే నేలపై నొకే దశాబ్దమున వెలసినవి. యంత్రపు శిక్షణము నొకచోటను, అక్షరపు శిక్షణము వేఱొకచోటను గాక రెండును గలసియుండిన నెంత బాగుండెడిదో యని యిప్పటికిని మాకు దోచుచుండును.

నాలుగవవానిని విడిచిన పొత్తు ఎట్టి పొరపాటు చేయునో తెలుపుటకు పొరుగురాష్ట్రమైన కర్ణాటకపు నిదర్శనము మిక్కిలి పనికివచ్చును. అచ్చట దాండేలి యొద్ద వెలసిన కాగితపు మిల్లునకు 1958లో ప్రభుత్వము వెదురును టన్నుకు రూపాయిన్నర వెలకు ఇచ్చెను. తట్టలు, చాటలు, బుట్టలు అల్లి జీవించు మేదరులు అదే వెదురును బజారులో దానికి ఎన్నోరెట్ల వెలపెట్టి కొనవలసివచ్చెను. వెదురు తఱుగసాగెను. మేదరులు మొఱపెట్టగా, 1970ల దశకము నడుమ ప్రభుత్వము మాధవ గాడ్గిల్ అను జీవశాస్త్రజ్ఞుని విచారణకు నియోగించెను. వెదురుపొద మొదట ముండ్లకొమ్మలు అల్లుకొని యుండును. పొద విరివిగ నెదుగునని యెంచి, అటవీశాఖవారు ఆ ముండ్లను నఱికి శుభ్రపఱుచు నియమము పెట్టియుండిరి. పల్లెవారు మాత్రము, 'ఆ ముండ్లే లేత మొలకలకు కంచె. అవి పోయిన పశువులు మొలకల నన్నిటిని మేసివేయు' నని చెప్పుచుండిరి. గాడ్గిల్ పొదలను లెక్కించి చూడగా పల్లెవారి మాటయే నిజమయ్యెను. శుభ్రపఱచిన పొదలలో మొలకలు దక్కలేదు. ముండ్లున్న పొదలలో దక్కెను.

దీనినుండి మనము గ్రహింపవలసిన దేమి? గ్రంథవిద్య వ్యర్థమని కాదు; గాడ్గిల్ చేసినదియు గ్రంథవిద్యయే. చదువుకొన్నవాడు చదువులేనివానిని ప్రశ్న యడిగినపుడే యా విద్య ఫలించెనని గ్రహింపవలెను. వెదురుమొలక యొక్క వానకాలములోనే తన పూర్తి యెత్తు నందుకొనును. దానికి బలమిచ్చునవి పక్కనున్న ముదురు బొంగులు. ఏ బొంగును గొట్టవలెను, దేని నుంచవలెను అను వివేకము మేదరి కత్తిలో తరతరములుగ నున్నది. ఆ కత్తిని కూలికి మాత్రము బిలిచి, అందలి వివేకమును బయట నిలిపిన పొత్తు తన మేతను తానే చెఱుపుకొన్నది.

పొత్తునకు మఱియొక రూపము ప్లైవుడ్డు పరిశ్రమలో గానవచ్చును. పలకలు తయారుచేయు శాలలు పెక్కు చిన్నవి. జిగురు నుడుకునీటిలో పరీక్షించుటకును, ఏ కఱ్ఱ ఎట్లు పొరలగునో చూచుటకును, పనివారికి నేర్పుటకును ఒక్కొక్క శాల వేఱు పరిశోధనాలయమును గట్టజాలదు. కావున 1962లో బెంగుళూరున ఆ పరిశ్రమవారు శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలితో గూడి యొక సహకార పరిశోధన సంఘమును స్థాపించిరి. క్రమముగ నది శిక్షణాలయముగను బెరిగెను. పోటీ వర్తకులు సైతము జ్ఞానము విషయమున నొక్క కుండలో వండుకొనవచ్చునని యిది చూపెను. చిన్నవారు కలిసినగాని పెద్దపని సాగదను నీతి మన సహకార సంఘముల వారికి క్రొత్త గాదు; అడవి పరిశ్రమలలో దానిని ఆచరణకు దెచ్చుటయే క్రొత్త.

1988లో భారతప్రభుత్వము క్రొత్త అటవీ విధానమును బ్రకటించెను. ప్రకృతి యడవిని మిల్లులకు చౌకగ నప్పగించుట మానవలెననియు, మిల్లు తనకు వలయు కఱ్ఱను పండించు రైతుతో నేరుగ సంబంధము పెట్టుకొని, అతనికి అప్పును, సాంకేతిక సలహాను, కోత రవాణాల సాయమును సమకూర్చ వలయుననియు అందు జెప్పిరి. మూడు పాళ్ల పొత్తును నాలుగు పాళ్లుగ మార్చిన మొదటి రాజశాసన మిదియే యనదగును.

ఈ మాటను మన నాట నాచరణకు దెచ్చినది భద్రాచలమునకు సమీపమున సారపాకలో 1979 మొదలు నడచుచున్న కాగితపుటట్టల మిల్లు. అచ్చట 1989లో డాక్టరు ప్యారేలాల్ నాయకత్వమున యూకలిప్టసుపై పరిశోధన మొదలయ్యెను. విత్తనపు మొక్కలు ఒకే తల్లిబిడ్డలయ్యును ఒక్కటి నిడుపుగ, నొక్కటి గిడసగ, నొక్కటి తెగులుతో పెరుగును. కావున శాస్త్రజ్ఞులు తోటలన్నియు వెదకి, నిటారుగ, బలముగ, తెగులులేక పెరిగిన చెట్ల నెన్నుకొనిరి. వాని చిగురుకొమ్మలను గోసి, మంచువలె నీటితుంపర గురియు గదులలో వేళ్లు దొడిగించి, పిదప నీడలోను ఎండలోను క్రమముగ నలవాటుచేసి, రైతులకు మొక్కలుగ నిచ్చిరి. ఇట్టి మొక్క తల్లిచెట్టునకు అచ్చుపోసిన ప్రతిరూపము. విత్తనపు తోటలతో బోల్చినపుడు వీని దిగుబడి రెట్టింపును మించిన చోట్లు గలవు. ఖమ్మము, కృష్ణా, ప్రకాశము మున్నగు జిల్లాలలో మెట్టరైతులు పెక్కురు దీనిని చేపట్టిరి. మిల్లు మేతకై అడవికి బోవుట తగ్గి, చేనివైపు తిరిగెను.

ఇది గొప్ప మేలే. అయినను మేలులోని లోపమును దాచుట చరిత్రకారునికి తగదు. ప్రతిరూపములన్నియు నొక్కటే యగుటచే, ఒక చెట్టుకు సోకిన పీడ అన్నిటికిని సోకును. 2001 తరువాత దక్షిణదేశమున యూకలిప్టసు ఆకులపైని కాడలపైని బుడిపెలు గట్టించు చిన్న కందిరీగజాతి పురుగు వ్యాపించినపుడు, కొన్ని మేలిరకములే ముందుగ దెబ్బతినెను. పరిశోధన ఒకమాఱు చేసి యూరకుండునది కాదని అప్పుడు తెలిసెను. మఱియొక లోపము ధరకు సంబంధించినది. వరి నేడు కోసి రేపు అమ్మవచ్చును. ఈ కఱ్ఱకు నాలుగేండ్లు కాచుకొనవలెను. నాటినపుడున్న ధర కోసినపుడుండునన్న పూచీ లేదు. కొనువారు కొలదిమంది, అమ్మువారు వేలమంది. శాస్త్రములో రైతు పొత్తుదారైనను, ధర నిర్ణయములో ననేకపర్యాయము లింకను బయటనే నిలిచెను. నాలుగేండ్లు నేలను తీరికలేక పట్టియుంచజాలని చిన్నరైతుకు ఈ మేలు అందుట కష్టము. సిర్పూరు మిల్లు సైతము 2014లో మూతపడి, 2018లో క్రొత్త యాజమాన్యమున తిరిగి తెఱువబడెను. నడుమనున్న యేండ్లలో కాగజ్‌నగర కుటుంబములు పడిన యిక్కట్టును చూచినపుడు, పరిశ్రమకు మేత యెంత ముఖ్యమో, పనివానికి నిలకడ యంత ముఖ్యమని బోధపడును.

ఇప్పుడు ఈ వ్యాసమున మాకు మిక్కిలి ప్రియమైన నిదర్శనమునకు వత్తుము. అది చెట్టు బంక కథ.

రాతికొండల వాలులందు, మన్ను పలుచనై యితర వృక్షములు నిలువని చోట, తపసి యను చెట్టు పెరుగును. తెల్లని నున్నని బెరడుతో, వేసవిలో ఆకులన్నియు రాల్చి, తపస్సు చేయు మునివలె నిలుచును. గాయపడినచోట నది గారుచు బంకను తపసి జిగురందురు. ప్రపంచపు బజారులో దీని పేరు కరాయ. నీటిలో బడినపుడు ఎన్నోరెట్లు ఉబ్బుట దీని విశేషగుణము. నిలువచేసిన పుల్లని వాసన వచ్చును. విరేచన మందులలోను, కట్టుడుపండ్ల పొడిలోను, ఐసుక్రీమువంటి తినుబండారములు చిక్కగ నిలుచుటకును, కాగితపు తయారీలోను దీనిని వాడుదురు. ప్రపంచమునకు దీనిని హెచ్చుగ సమకూర్చు దేశము మనది. మన దేశమున ఆంధ్రపు కొండలు దీనికి పేరుపొందినవి. కోయలు, కొండరెడ్లు, చెంచులు మొదలగువారు దీనిని సేకరింతురు.

1956లో విశాఖపట్టణమున గిరిజన సహకార సంస్థ స్థాపితమయ్యెను. అంతకుముందు సంతలో ఉప్పు, బట్ట అప్పుగ నిచ్చి, సంవత్సరపు సేకరణనంతయు దోచుకొను షావుకార్ల చేతినుండి గిరిజనుల తప్పించుట దీని ధర్మము. 1979లో నొక నిబంధన వలన షెడ్యూలు ప్రాంతములలో అటవీఫలముల కొనుగోలు హక్కు ఈ సంస్థకు జెందెను. దోపిడి కొంత తగ్గెను. కాని చెట్టు బ్రదుకు మాఱలేదు. ఏలన, కొనుగోలు మాఱినంతమాత్రమున చేతిపద్ధతి మాఱదు. సేకరించువాడు గొడ్డలితో బెరడును దాటి కఱ్ఱలోనికి లోతుగ నఱకుచుండెను. లోతుగ నఱికినచో బంక హెచ్చుగ వచ్చునని యాశ. గాయము మానక, పురుగుపట్టి, కొన్నియేండ్లకు చెట్టు చచ్చుచుండెను. కారిన బంక బెరడుముక్కలతో, మట్టితో, ఇసుకతో కలిసి నల్లబడుచుండెను. నల్లనిదానికి వెల తక్కువ. వెల తక్కువ గావున మఱింత లోతుగ నఱకుట. మఱింత నఱకుటచే చెట్టు చావు. పేదఱికము చెట్టును జంపుట, చెట్టు చచ్చి పేదఱికమును బెంచుట — ఇది గుండ్రముగ తిరుగు గానుగ వంటిది.

ఈ గానుగను ఆపుటకు పొత్తు కావలసెను. 1994లో విశాఖపట్టణమున కోవెల్ ఫౌండేషను అను ధర్మసంస్థ యేర్పడి, గిరిజన సహకార సంస్థతోను, అటవీశాఖతోను, శాస్త్రజ్ఞులతోను గూడి సేకరణదారులకు శిక్షణ మారంభించెను. శిక్షణము పట్టణపు గదిలో గాక కొండవాలున చెట్టునొద్దనే జరిగెను. ముదిరిన చెట్లనే గీయవలెను. గొడ్డలి మాని పదునైన చిన్న పనిముట్టుతో బెరడును మాత్రమే పలుచగ గీయవలెను. గాయముల నడుమ చోటు విడువవలెను. చెట్టున కొంత విరామ మీయవలెను. బంక నేల తాకకుండ శుభ్రమైన పాత్రలో పట్టవలెను. నీడలో నారబెట్టి, ముక్కలు చేసి, రంగుననుసరించి వేఱు వేఱుగ నుంచవలెను. ఇవి పాఠములు. చూచుటకు చిన్నవి, ఫలమున పెద్దవి. ఇట్లు వేలమంది గిరిజనులు నేర్చిరి. వారిలో నేర్పరులైనవారే తరువాతి యూళ్లకు గురువులైరి.

శాస్త్రజ్ఞులును తమ పాలు పెట్టిరి. నాయర్, శివన్న, మోహనరామ్ అను వృక్షశాస్త్రజ్ఞులు, ఇథఫాన్ అను మందును మితముగ చెట్టులోనికి ఎక్కించిన బంకయు హెచ్చుననియు, గాయమును త్వరగ మానుననియు పరీక్షించి 1995లో ప్రకటించిరి. లోతుగ నఱికిననే బంక వచ్చునను పాత నమ్మకమును ఈ పరీక్ష తలక్రిందు చేసెను. సహకారసంస్థవారు రంగును శుభ్రతను బట్టి తరగతులేర్పఱిచి, మేలి తరగతికి మేలి ధర నిచ్చిరి. ఇక్కడనే యీ పొత్తునకు ప్రాణము గలదని మా యభిప్రాయము. నేర్పునకు ధర దొరకనిచో నేర్పిన పాఠము మఱునాటికే మరపునకు వచ్చును. శుభ్రముగ దీసినదానికి హెచ్చు ధరయని తన చేతిలో రూపాయి పడి చూచినపుడు, సేకరించువాడు ఉపన్యాసము లేకయే చెట్టును కాపాడును. ఏరి, ఎండబెట్టి, తరగతులుగ విడదీయు పనిలో స్త్రీల చేయి హెచ్చు. కావున ఆ ధరలో వారి శ్రమయు లెక్కకు వచ్చెను.

పిమ్మట 2006నాటి అటవీహక్కుల చట్టము అటవీఫలములపై అడవివాసులకే స్వామ్యము గలదని చెప్పెను. కూలివాడు పొత్తుదారగుటకు చట్టము తలుపు తెఱచెను. ఆ తలుపులో బ్రవేశించుటకు కావలసిన బలము మాత్రము శిక్షణమునుండియే రావలెను. హక్కు కాగితముమీద నుండును; నేర్పు చేతిలో నుండును.

ఇక మన నగరపు సంగతి. హైదరాబాదునకు ఉత్తరమున దూలపల్లిలో అటవీశాఖ శిక్షణాలయమును, కేంద్రప్రభుత్వపు అటవీ జీవవైవిధ్య పరిశోధనాలయమును గలవు. 2016లో సిద్దిపేట జిల్లా ములుగున తెలంగాణ ప్రభుత్వము అటవీ కళాశాలయు పరిశోధనాలయమును స్థాపించెను. అటవీశాస్త్రము చదువదలచిన తెలుగు బాలబాలికలకు తమ నాటనే యొక ద్వారము తెఱువబడినందుకు మేము సంతసించుచున్నాము. కాని చరిత్ర తెలిసినవారముగ కొన్ని మాటలు విన్నవింపక తప్పదు.

మొదటిది భాష. చెట్టునొద్ద పనిచేయువానికి నేర్పవలసిన పాఠము తెలుగులోను, గోండీలోను, కోయలోను ఉండవలెను. మార్లవాయి మనకు మార్గము చూపినది. ఆంగ్లమున వ్రాసి బీరువాలో దాచిన పరిశోధన చెట్టుకు నీరు కాజాలదు. రెండవది గురుత్వము. బంక గీయుటలోనో, బొంగు ఏరుటలోనో ఆరితేఱిన వృద్ధుని కళాశాలకు బిలిచి, అతనికి గౌరవవేతన మిచ్చి, విద్యార్థుల నతని యెదుట గూర్చుండబెట్టవలెను. దాండేలి పొదల కథ తెలిసినవా రెవరును దీనిని వింతగ దలపరు. మూడవది లెక్క. మిల్లు, వర్తకుడు, ప్రభుత్వము పరిశోధనకై పెట్టిన సొమ్మెంత, దానివలన కలిగిన లాభములో చెట్టుపెంచినవానికి, బంక దీసినవానికి ముట్టిన దెంత యను రెండు సంఖ్యలును ఒకే పుటలో నచ్చుపడవలెను. పొత్తులో నొకనికే లెక్కపుస్తకము కనబడినచో దానిని పొత్తనుట పరిహాసమగును.

మన యిండ్లలోని వారికి దీనితో నేమి పని యని కొందఱు తలంపవచ్చును. సంస్కారమనునది యింటి గడపతో నాగిపోవునది కాదు. విధవల దుఃఖమును, అంటరానితనమును గూర్చి మన పూర్వులు ప్రశ్నించినపుడు, 'ఇది మన యింటి వ్యవహారము కాదు' అన్నవారు నాడును గలరు. మనము కొను వస్తువు వెనుక నున్న మనుష్యుని గూర్చి యడుగుటయు నట్టి ప్రశ్నయే. నాలుగవ పొత్తుదారు నెఱుగని గృహస్థు, ఆ పొత్తులో అయిదవవాడై, తానెఱుగకయే అన్యాయపు పాలును అనుభవించుచున్నాడు. ఏలన ఆ చౌకధర కడకు చేరునది వాని యింటికే.

మేము బడిలో పిల్లలకు వృక్షశాస్త్రము చెప్పునపుడు, ఆకు, వేరు, కాండము అను భాగములతో నిలువక, ఆ కాండమును గీయు చేయి యెవరిదో, దానికి దొరకిన కూలి యెంతయో సైతము చెప్పుట అలవాటు చేసికొంటిమి. తపసిచెట్టు గాయము మానుటకు కాలము పట్టును. గాయము పలుచనిదైన మానును, లోతైనదైన మానదు. మన సంఘమునకును అడవివారికిని నడుమ నున్న గాయము ఇప్పటికే లోతైనది. దానిని మఱింత లోతుగ జేయక, నేర్పుగల చేతికి పొత్తునందు పాలిచ్చుటయే యిప్పుడు మన ముందున్న పని.